ఆస్పత్రిలో ఉన్న పిల్లలతో ఆడుకోవడానికి వాలంటీరుగా వెళ్లాలనుకునే వారికి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: వారానికి ఒక పూట తీరిక ఉంది, బొమ్మలు గీయడం, కథలు చెప్పడం వచ్చు, పిల్లల వార్డులో ఉన్న చిన్నారులతో ఆడుకోవడానికి స్వచ్ఛందంగా వెళ్లాలని ఉంది. అయితే శిక్షణ ఏమీ లేదు, పిల్లలు ఆడనంటే ఏం చేయాలో తెలియదు, వాళ్ల బాధ చూసి తట్టుకోగలనా అన్న దిగులు ఉంది, ఇంట్లో ఉన్న బొమ్మలు పట్టుకెళ్లవచ్చా అన్న సందేహమూ ఉంది. పిల్లల వార్డుల్లో ఆటల ఏర్పాట్లు చూసుకుంటూ, కొత్తగా వచ్చే వాలంటీర్లకు పని నేర్పుతూ చాలా ఏళ్లుగా ఉన్నాను కనుక, నాకు తెలిసినంతలో వివరంగానే రాస్తున్నాను.

ముందుగా, పిల్లలు ఆడనంటే ఏం చేయాలన్న సందేహాన్ని తీసుకుంటాను, ఎందుకంటే ఈ పని మొత్తానికి కీలకం అక్కడే ఉంది. ఆస్పత్రిలో చేరిన బిడ్డకు దాదాపు ఏ విషయంలోనూ తన మాట చెల్లదు. ఎప్పుడు నిద్ర లేవాలో, ఏం తినాలో, ఏ చేతికి సూది గుచ్చాలో, ఎవరు వచ్చి దుప్పటి తొలగించి పొట్ట నొక్కి చూడాలో అన్నీ పెద్దవాళ్లే నిర్ణయిస్తారు, అవి తప్పనిసరి కూడా. ఆ బిడ్డ ఎంత గట్టిగా ఏడ్చినా రక్తపరీక్ష ఆగదు. అలాంటి చోట, తను "వద్దు" అంటే నిజంగా ఆగిపోయే మనిషి ఒకరు ఉండడం ఆ బిడ్డకు చాలా పెద్ద విషయం, ఆ మనిషి మీరే కావాలి. కాబట్టి బిడ్డ తల అడ్డంగా ఊపితే అది మీ ఓటమి అని అనుకోవద్దు. "సరే, నేను ఇంకాసేపు ఈ వార్డులోనే ఉంటాను, వెళ్లేముందు ఇటు వస్తాను, అప్పుడు నీకు ఇష్టమైతే ఆడుకుందాం" అని చెప్పి, చెప్పినట్టుగానే తిరిగి రండి. మొదటిసారి మొహం తిప్పుకున్న పిల్లలే, తమ మాటను గౌరవించారన్న నమ్మకం కుదిరాక, రెండోసారో మూడోసారో పక్కకు జరిగి మంచం మీద చోటిస్తారు. అప్పుడు కూడా ఏ ఆట ఆడాలో, ఏ రంగు వాడాలో, ఎప్పుడు ఆపాలో వాళ్లనే నిర్ణయించనివ్వండి. నాలుగు కాళ్ల ఏనుగుకు ఆరు కాళ్లు గీస్తే ఆరు కాళ్లే ఉండనివ్వాలి. బొమ్మలు బాగా గీయగలిగిన వారికి ఇదే కష్టమైన పాఠం. పిల్లల చేతిలోని పెన్సిలు తీసుకుని సరిదిద్దాలని చెయ్యి ఊరుకోదు. మీ బొమ్మ ఎంత అందంగా ఉంటే బిడ్డ తన బొమ్మను అంత తొందరగా పక్కన పెట్టేస్తుంది కనుక, మొదటి కొన్ని వారాలు మీ నైపుణ్యాన్ని కాస్త దాచుకోమనే చెబుతాను.

అందరికంటే ముందు మీ కన్ను పడవలసింది అల్లరి చేసే పిల్లల మీద కాదు, ఏమీ అడగకుండా గోడవైపు తిరిగి పడుకున్న పిల్లల మీద. దీని వెనుక ఒక చరిత్ర ఉంది. ఇరవయ్యో శతాబ్దం మధ్య వరకు చాలా దేశాల్లో పిల్లల వార్డుల్లోకి తల్లిదండ్రులను వారానికి కొద్ది గంటలు మాత్రమే రానిచ్చేవారు. మొదట ఏడ్చిన పిల్లలు కొద్ది రోజులకు నిశ్శబ్దంగా మారిపోతే "అలవాటు పడ్డారు" అని సిబ్బంది ఊరట చెందేవారు. బ్రిటన్‌లో, తల్లిదండ్రులకు దూరమైన పిల్లల మనస్థితిని పరిశీలిస్తున్న జేమ్స్ రాబర్ట్‌సన్ అనే పరిశోధకుడు 1952లో, చిన్న శస్త్రచికిత్స కోసం ఎనిమిది రోజులు ఆస్పత్రిలో ఉన్న ఒక రెండేళ్ల పాప ప్రవర్తనను చిత్రీకరించి, ఆ నిశ్శబ్దం అలవాటు కాదని, నిరాశ అని వైద్యలోకానికి చూపించాడు. మొదట ప్రతిఘటన, తరువాత నిరాశ, ఆపైన అందరికీ దూరంగా ముడుచుకుపోవడం అనే మూడు దశలను ఆయన వివరించాడు. 1959లో, ఆస్పత్రిలోని పిల్లల సంక్షేమంపై అక్కడి ప్రభుత్వం వేసిన ప్లాట్ కమిటీ నివేదిక తల్లిదండ్రులను ఆంక్షలు లేకుండా రానివ్వాలని, పిల్లలకు ఆటకూ చదువుకూ వీలు కల్పించాలని సిఫారసు చేసింది. అమెరికాలో ఎమ్మా ప్లాంక్ అనే బాలవిద్యా నిపుణురాలు 1955లో క్లీవ్‌లాండ్ సిటీ హాస్పిటల్‌లో పిల్లల ఆటకూ చదువుకూ ప్రత్యేక విభాగాన్ని నడపడం మొదలుపెట్టింది. 1988లో నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగరంలో ఐరోపా సంఘాలు కలిసి రూపొందించిన, ఆస్పత్రిలోని పిల్లల హక్కుల పత్రంలో ఆట కోసం ఒక అధికరణ ఉంది. మరుసటి ఏడాది, అంటే 1989లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలోని 31వ అధికరణ ఆటను ప్రతి బిడ్డ హక్కుగా ప్రకటించింది. జబ్బు పడినంత మాత్రాన ఆ హక్కు పోదు. మీరు వార్డులోకి అడుగుపెట్టేది పిల్లలకు వినోదం దానం చేయడానికి కాదని, వాళ్లకు న్యాయంగా రావలసినది అందేలా చూడడానికని తెలుసుకుంటే మీ తీరే మారుతుంది.

శిక్షణ విషయానికి వస్తే, రెండు పనుల మధ్య తేడా స్పష్టంగా తెలుసుకోవాలి. శస్త్రచికిత్సకు ముందు బొమ్మ మీద చూపిస్తూ ఏం జరగబోతోందో బిడ్డకు వివరించడం, సూది గుచ్చుతున్నప్పుడు నొప్పి మీద నుంచి ధ్యాస మళ్లించడం, ఆటలో బయటపడే భయాలను అర్థం చేసుకుని వైద్యులకు చెప్పడం, ఇవన్నీ ప్లే స్పెషలిస్టుల పని, దానికి ప్రత్యేకమైన చదువు ఉంది. వాలంటీరు చేసేది మామూలు ఆట. పజిల్ ముక్కలు కలపడం, కథ చదవడం, కాగితంతో పడవలు చేయడం, పులీమేకా ఆడడం, ఒక్కోసారి ఊరికే పక్కన కూర్చోవడం. ఆ మామూలుతనమే అక్కడ దొరకనిది, దానికి పెద్ద అర్హతలు అక్కర్లేదు. అయితే చికిత్స గురించి బిడ్డ అడిగే ప్రశ్నలకు మీరు సమాధానం చెప్పకూడదు. "రేపు నాకు ఆపరేషన్ చేస్తారా?" అని అడిగితే, "అది నాకు తెలియదు, నర్సమ్మను అడుగుదామా?" అనాలి. "నొప్పి ఏమీ ఉండదు" అని ఎన్నడూ అనవద్దు. నొప్పి పుట్టిన మరుక్షణం మీ మాట మీద నమ్మకం పోతుంది, మీతోపాటు తెల్లకోటు వేసుకున్న అందరి మీదా పోతుంది. అలాగే, ఎవరు అడిగినా సూది వేసేటప్పుడు బిడ్డ చేతులు పట్టుకోవడానికి ఒప్పుకోవద్దు. ఆటగదిలోకీ, మీరు ఆడుకుంటున్న సమయంలోకీ సూదులూ పరీక్షలూ రాకుండా చూడడం మంచి ఆస్పత్రుల్లో నియమం. ఆ కాస్త చోటైనా తనకు భద్రమని బిడ్డకు అనిపించాలి.

వయసును బట్టి ఆట మారుతుందని మీకు తెలిసే ఉంటుంది కాబట్టి అందరి గురించీ విడివిడిగా రాయను. ఏడాదిలోపు పసివాళ్లకు కొత్త బొమ్మ కన్నా మెల్లగా మాట్లాడే ముఖమే మేలు. ఎనిమిది, తొమ్మిది నెలల వయసులో కొత్తవాళ్లంటే భయం సహజం కాబట్టి ఆ పిల్లలతో వాళ్లమ్మ పక్కన కూర్చునే ఆడండి. నేను ఎక్కువగా చెప్పదలచుకున్నది మూడు నుంచి ఆరేడేళ్ల పిల్లల గురించి. ఈ వయసులో చాలామంది పిల్లలు తాము చేసిన తప్పుకు శిక్షగానే జబ్బు వచ్చిందని నమ్ముతారు. అమ్మ మాట విననందుకు, తమ్ముణ్ణి కొట్టినందుకు తనను ఇక్కడ పడేశారని ఎవరికీ చెప్పుకోలేక లోపల కుమిలిపోతారు. నేరుగా అడిగితే చెప్పరు, ఆటలో చెబుతారు. డాక్టరు సామాను బొమ్మలిస్తే, బొమ్మకు మళ్లీ మళ్లీ సూదులు పొడిచి, "కదలకు! కదిలితే ఇంకోటి పొడుస్తా!" అని గదమాయించే పిల్లలు ఎందరో ఉంటారు. చూడడానికి ఇది క్రూరంగా అనిపించి "పాపం, బొమ్మకు నొప్పి పుడుతుంది కదా" అని అడ్డుపడాలనిపిస్తుంది. అడ్డుపడకండి. తన మీద జరిగినదాన్ని ఈసారి తన చేతులతో, తన ఇష్టప్రకారం జరిపిస్తూ ఆ బిడ్డ దాన్ని జీర్ణించుకుంటోంది. మీరు బొమ్మ తరఫున "నాకు భయంగా ఉంది, ఇప్పుడేం చేస్తారు?" అని మాత్రం అడిగి చూడండి. బిడ్డ చెప్పే సమాధానంలో తన అనుభవమే ఉంటుంది. "బొమ్మ చెడ్డ పని చేసింది, అందుకే ఇక్కడికొచ్చింది" లాంటి మాట వినపడితే, ఆ క్షణంలో "జబ్బు ఎవరి తప్పువల్లా రాదు, బొమ్మ తప్పు కూడా ఏమీ లేదు" అని తేలిగ్గా చెప్పి, తరువాత ఆ సంగతిని నర్సుకో ప్లే స్పెషలిస్టుకో తప్పక చేరవేయండి. సూది లేని కొత్త సిరంజీలో రంగునీళ్లు నింపి కాగితం మీద చిమ్మే ఆట కూడా ఈ వయసు వాళ్లకు ఎంతో ఇష్టం. భయపెట్టిన వస్తువే కుంచెగా మారినప్పుడు వాళ్ల ముఖాలు చూసి తీరాలి. ఇలాంటివి సిబ్బంది అనుమతితో, వాళ్లిచ్చిన సామానుతోనే చేయాలన్నది వేరే చెప్పనక్కర్లేదు.

పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లల్ని వాలంటీర్లు తరచూ వదిలేస్తారు, రంగుల పెన్సిళ్లు ఇస్తే నొచ్చుకుంటారన్న బెరుకుతో. నిజానికి వాళ్లే ఎక్కువ ఒంటరిగా ఉంటారు. చదువు వెనకబడుతోందన్న బెంగ, జుట్టు రాలిందనో మచ్చ పడిందనో సిగ్గు, స్నేహితులు మరచిపోతారన్న భయం వాళ్లను పట్టి ఉంచుతాయి. చదరంగం, పేకముక్కలు, వాళ్లకు నచ్చిన పాటల గురించి మాట్లాడుకోవడం, వాళ్లు మీకు ఏదైనా నేర్పేలా చేయడం బాగా పనిచేస్తాయి. తమకు తెలిసినది ఇంకొకరికి నేర్పుతున్నంతసేపు వాళ్లు రోగులు కారు.

ఇప్పుడు బొమ్మల సంగతి. ఇంట్లోంచి ఏదీ నేరుగా వార్డులోకి పట్టుకెళ్లవద్దు. ప్రేమతో తెచ్చిన మెత్తటి కుక్కపిల్ల బొమ్మ ఒక మంచం నుంచి ఇంకో మంచానికి తిరిగితే దానితోపాటు క్రిములూ తిరుగుతాయి. గుడ్డతో చేసిన బొమ్మను ఒకరి నుంచి ఒకరికి మారేటప్పుడు సరిగా శుభ్రం చేయడం సాధ్యం కాదు కనుక, అది ఒకే బిడ్డకు సొంతంగా ఇచ్చేదైతేనే, అదీ కొత్తదైతేనే పనికివస్తుంది. నున్నటి ప్లాస్టిక్ బొమ్మలు ప్రతి బిడ్డ తరువాత తుడవడానికి వీలవుతాయి. లోపల నీళ్లు నిలిచే, నొక్కితే చిమ్మే రబ్బరు బొమ్మల్లో క్రిములు పెరుగుతాయి కాబట్టి అవి అసలే వద్దు. మూడేళ్లలోపు పిల్లల దగ్గర చిన్న ముక్కలున్న బొమ్మలు ఉండకూడదు. దీనికి ఒక కొలత ఉంది, సుమారు 32 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న గొట్టంలో పూర్తిగా ఇమిడిపోయే వస్తువేదైనా ఆ వయసు పిల్లల గొంతుకు అడ్డుపడగలదని బొమ్మల భద్రతా ప్రమాణాలు చెబుతాయి. బటన్ బ్యాటరీలు, చిన్న అయస్కాంతాలు మింగితే ప్రాణాపాయం. రబ్బరు బుడగలు చూడముచ్చటగా ఉంటాయి కానీ పగిలిన ముక్క గొంతులో చిక్కుకుంటే తీయడం చాలా కష్టం, పైగా కొందరు పిల్లలకు, ముఖ్యంగా పుట్టుకతో వెన్నెముక లోపం ఉండి పలుమార్లు శస్త్రచికిత్సలు జరిగినవాళ్లకు, ఆ రబ్బరు తీవ్రమైన ఎలర్జీ తెస్తుంది. అందుకే చాలా ఆస్పత్రులు వాటిని నిషేధించాయి. ఆక్సిజన్ పెట్టిన బిడ్డ దగ్గర నిప్పురవ్వ పుట్టించగల బొమ్మ ఏదీ ఉండరాదు. కీమోథెరపీ తీసుకుంటున్న పిల్లల దగ్గరికి పచ్చి పూలు, మట్టి, ఇసుక తీసుకెళ్లరాదు, వాటిలోని బూజు వాళ్లకు హాని చేయవచ్చు. తినుబండారాలైతే ఎవరికీ ఇవ్వవద్దు, ఎంత బతిమాలినా సరే. శస్త్రచికిత్స కోసం ఆరు గంటలు ఖాళీ కడుపుతో ఉన్న బిడ్డకు ఒక బిస్కెట్టు ఇస్తే ఆపరేషనే వాయిదా పడుతుంది.

చేతుల శుభ్రత గురించి ఇంకొంచెం. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన ప్రకారం సబ్బూ నీళ్లతో అయితే మొత్తం 40 నుంచి 60 సెకన్లు, ఆల్కహాల్ ద్రవంతో అయితే 20 నుంచి 30 సెకన్లు పట్టాలి. ఒక మంచం నుంచి ఇంకో మంచానికి వెళ్లే ప్రతిసారీ, అంతకుముందు ఏమీ ముట్టుకోలేదని మీకు అనిపించినా, ఇది చేయాలి. వాంతులూ విరేచనాలూ ఉన్న బిడ్డ దగ్గర నుంచి వస్తే సబ్బూ నీళ్లే వాడండి, ఎందుకంటే వాటికి కారణమయ్యే కొన్ని క్రిములు ఆల్కహాల్‌కు లొంగవు. ఉంగరాలు, గాజులు, చేతి గడియారం ఇంట్లోనే వదలండి. మీకు జలుబు, దగ్గు, జ్వరం, విరేచనాలు ఉన్న రోజు వెళ్లవద్దు. "పిల్లలు ఎదురుచూస్తారు" అనే మంచి మనసుతోనే చాలామంది ఇక్కడ పొరబడతారు. మీకు రెండు రోజుల్లో తగ్గిపోయే జలుబు, రోగనిరోధక శక్తి తగ్గిన బిడ్డను ఐసీయూకి చేర్చగలదు. తట్టు, ఆటలమ్మ టీకాలు మీకు పడ్డాయో లేదో ముందే చూసుకోండి. ఆటలమ్మ సోకిన 10 నుంచి 21 రోజుల్లో బయటపడుతుంది, పొక్కులు కనబడడానికి ఒకటి రెండు రోజుల ముందే అంటుకోవడం మొదలవుతుంది. అందుకని మీ ఇంట్లో ఎవరికైనా వస్తే, మీకు ఏ లక్షణమూ లేకపోయినా వార్డుకు ఫోన్ చేసి చెప్పి, వాళ్లు రమ్మనేదాకా ఆగాలి.

తల్లిదండ్రుల గురించి ఒక మాట. మీరు బిడ్డతో అరగంట కూర్చుంటే, రాత్రంతా కుర్చీలో గడిపిన తల్లి వెళ్లి స్నానం చేసి కాస్త నడుం వాల్చగలదు, ఇది ఆటంత విలువైన సాయం. కానీ తల్లి వెళ్లేటప్పుడు బిడ్డకు చెప్పే వెళ్లాలని సున్నితంగా గుర్తుచేయండి. ఏమరిపాటుగా ఉన్నప్పుడు జారుకుంటే ఆ బిడ్డ తరువాత ఆటలో లీనమవడం మానేసి తలుపునే చూస్తుంటుంది. తోడుగా వచ్చిన అక్కో తమ్ముడో ఉంటే వాళ్లను కూడా ఆటలో కలుపుకోండి. ఆ ఇంట్లో అందరి ధ్యాసా జబ్బు బిడ్డ మీదే ఉన్నప్పుడు వాళ్ల సంగతి ఎవరికీ పట్టదు.

ఫోటోలు తీయకూడదు, బిడ్డ పేరు గానీ జబ్బు గానీ బయట ఎక్కడా రాయకూడదు, ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకోకూడదు, ఒక బిడ్డకు ప్రత్యేకంగా కానుకలు తేకూడదు, తలుపు మూసిన గదిలో బిడ్డతో ఒంటరిగా ఉండకూడదు. ఈ నియమాలు మీ మీద అనుమానంతో పెట్టినవి కావు, ఎవరు వచ్చినా పిల్లలకు రక్షణగా ఉండాలని పెట్టినవి. ఎప్పుడైనా ఒక బిడ్డ తనను ఎవరో కొడుతున్నారనో, ఇంకేదో చేస్తున్నారనో మీతో చెబితే, ప్రశ్నలతో లోతుకు వెళ్లకుండా శ్రద్ధగా వినండి. "ఎవరికీ చెప్పను" అని మాట ఇవ్వకండి. "నువ్వు చెప్పడం మంచిదైంది, నీకు సాయం చేయగల వాళ్లకు నేను చెప్పాలి" అని, ఆ పూటే బాధ్యులకు తెలపండి.

తట్టుకోగలనా అని అడిగారు. కొన్ని రోజులు కష్టంగానే ఉంటుంది. కిందటి వారం మీతో నవ్వుతూ ఆడిన బిడ్డ ఈ వారం గుర్తుపట్టలేనంత నీరసించి ఉండవచ్చు, మంచం ఖాళీగా ఉండవచ్చు, సిబ్బంది కారణం చెప్పలేకపోవచ్చు. కంటతడి పెట్టుకోవడంలో తప్పు లేదు, అయితే మీ దుఃఖాన్ని ఓదార్చే పని పిల్లలకో వాళ్ల తల్లిదండ్రులకో పడకూడదు. కాబట్టి పక్కకు వచ్చి, మిమ్మల్ని పర్యవేక్షించే వారితో మాట్లాడండి, ఆ పూటకు ఇంటికి వెళ్లిపోవాలనిపిస్తే చెప్పి వెళ్లండి. నా అనుభవంలో ఎక్కువమంది మానేసేది దుఃఖం వల్ల కాదు, ఆ దుఃఖాన్ని పంచుకునే మనిషి దొరకక. ఇటీవల మీ ఇంట్లోనే ఒక బిడ్డ తీవ్రంగా జబ్బుపడి ఉన్నా, దూరమై ఉన్నా, ఈ పనిని కొంతకాలం వాయిదా వేయమని చెబుతాను.

ఇక ఎంచుకోవడం గురించి. ఒక్కరోజు గుంపుగా వచ్చి కానుకలు పంచి వెళ్లే కార్యక్రమాల కంటే, ప్రతి వారం అదే రోజు అదే వేళకు వచ్చే ఒక్క మనిషి పిల్లలకు ఎక్కువ మేలు చేస్తారని నేను నమ్ముతాను. రోజులు కలిసిపోయి తేడా తెలియని చోట "ఇవాళ కథలు చెప్పే ఆంటీ వచ్చే రోజు" అనుకోగలగడం వాళ్లకు ఒక ఆధారం. కనుక కనీసం ఆరు నెలలు రాగలనని అనుకుంటేనే మొదలుపెట్టండి, మానేయవలసి వస్తే దీర్ఘకాలంగా ఉన్న పిల్లలకు ముందే చెప్పి, వీడ్కోలు తీసుకుని మానండి. ఆస్పత్రితో మాట్లాడేటప్పుడు నాలుగు సంగతులు అడగండి: వార్డులో నేను ఎవరికి జవాబుదారీ, నా నేపథ్యాన్నీ టీకాలనూ మీరు పరిశీలిస్తారా, మొదటి కొన్ని పూటలు అనుభవమున్న వారి వెంట ఉండనిస్తారా, ఏ బిడ్డ దగ్గరికి వెళ్లవచ్చో ఏ బిడ్డకు ఆ రోజు విశ్రాంతి కావాలో రాగానే నాకు ఎవరు చెబుతారు. ఈ నాలుగింటికీ సూటిగా సమాధానం చెప్పే చోట చేరండి. "అవేమీ అక్కర్లేదు, ఎప్పుడైనా రండి, ఎవరితోనైనా ఆడండి" అనే చోట, ముందు ఆ ఏర్పాట్లు చేయమని అడిగి, అవి జరిగాకే మొదలుపెట్టండి.